యంత్రభాగములు అమరుటకు హద్దులు
(పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయములు)

వేసవికాలమున గ్రామములో చేతిపంపు చెడిపోయినచో బిందెలు వరుసగా నిలిచిపోవును. మెకానిక్కు క్రొత్త భాగమును తెచ్చును. అది సరిగా అమరినచో కొద్దిసేపటిలోనే నీరు వచ్చును. అమరనిచో ఆకురాయితో రుద్ది, రంధ్రమును పెద్దది చేసి, సుత్తితో కొట్టి ఎట్లో బిగింపవలసివచ్చును. అట్లు బిగించిన పంపు ఎక్కువకాలము నిలువదు.

ఎచ్చటనో దూరమున తయారైన భాగము మన ఊరి పంపునకు అమరుట కేవలము అదృష్టము కాదు. ఆ భాగమునకు ఇంజనీరు వ్రాసిన డ్రాయింగే అందులకు మూలము. పంచాయతీ నిధులతో యంత్రభాగములను కొనుచున్న సభ్యులు ఈ డ్రాయింగు మర్మమును కొంతవరకైనను గ్రహించుట అవసరమని మేము తలంచుచున్నాము.

కొలత ఒక్కటియే చాలదు

మన వడ్రంగి బండిచక్రమును చేయునపుడు ఆ బండి ఇరుసునే ఎదుట నుంచుకొని దానికి తగినట్లు చెక్కును. అది నేర్పుగల పనియే. కాని ఆ చక్రము మరియొక బండికి అమరునని చెప్పజాలము. కర్మాగారములలో పద్ధతి వేరు. పంపు పీఠమును ఒకరు, నీటితొట్టిని మరియొకరు చేయుదురు. ఒకరి పనిని ఒకరు చూడరు. ఇరువురకును ఉమ్మడిగా నున్నది డ్రాయింగు మాత్రమే.

ఏ వస్తువునైనను చెప్పిన కొలతకు వెంట్రుకవాసి తేడా లేకుండ చేయుట ఎవరికిని సాధ్యము కాదు. కావున ఎంత తేడా వచ్చినను ఫరవాలేదో ముందుగానే డ్రాయింగులో నిర్ణయింతురు. ఈ అనుమతింపదగిన తేడాకే టాలరెన్సు అని పేరు.

అయితే పరిమాణము సరిగా నున్నంత మాత్రమున భాగము సరియైనదని చెప్పవచ్చునా? ఇండియా మార్క్ 2 పంపు సిలిండరు లోపలి వ్యాసము 63.5 మి.మీ. ఈ వ్యాసము ప్రతిచోటను సరిగానే ఉండియు, గొట్టము విల్లువలె వంగి యుండవచ్చును. అప్పుడు పిస్టను ఒకప్రక్క ఒరసికొని, వాషరు త్వరగా అరిగిపోవును. అట్లే ఫ్లాంజిలోని నాలుగు రంధ్రములును కొలతకు సరిపోయియు, వాటిలో ఒకటి తన స్థానము నుండి తొలగినచో బోల్టు దూరదు. కనుక పరిమాణముతో పాటు రూపము, దిశ, స్థానము, తిరుగునపుడు కలుగు ఊగిసలాట అను నాలుగింటికిని హద్దులు చెప్పవలెను. దీనినే జ్యామితీయ టాలరెన్సు పద్ధతి యందురు.

ఎచ్చటినుండి కొలువవలెను?

పొలము హద్దులు కొలుచునపుడు ఎవరి గట్టునుండి వారు కొలిచినచో తగవు తప్పదు. సర్వేరాయినుండి కొలిచినచో అందరి లెక్కయు ఒక్కటియే యగును. యంత్రభాగమునకు సర్వేరాయి వంటిది డేటము, అనగా ఆధారము. డ్రాయింగులో దీనిని ఏ, బీ, సీ అను ఇంగ్లీషు అక్షరములతో గుర్తింతురు. ఫ్లాంజి ముఖము మొదటి ఆధారమైనచో, కొలుచువారు ముందుగా ఆ ముఖమును చదునైన బల్లపై ఆనింపవలెను. మూడుకాళ్ళ పీట కదలక నిలుచునట్లు, మొదటి ఆధారమున మూడు బిందువులును, రెండవ దానియందు రెండును, మూడవ దానియందు ఒకటియు తగిలినచో భాగము స్థిరపడును. అటుపిమ్మట చేసినవారును, కొన్నవారును కొలిచిన కొలతలలో భేదముండదు.

చతురస్రమా, వృత్తమా?

రెండవ ప్రపంచయుద్ధ కాలమున స్కాట్లండులోని అలెగ్జాండ్రియా పట్టణమునందలి రాయల్ టార్పెడో కర్మాగారములో స్టాన్లీ పార్కర్ అను ఇంజనీరు పనిచేయుచుండెను. తనిఖీలో పనికిరావని త్రోసివేసిన భాగములలో కొన్ని నిజమునకు చక్కగా అమరునవే యని ఆయన గ్రహించెను. నిలువునకు ఇంత, అడ్డమునకు ఇంత అని తేడా చెప్పినచో రంధ్రపు కేంద్రము ఉండదగిన చోటు చతురస్రమగును. కాని గుండ్రని బోల్టునకు అన్ని దిక్కులందును సమానమైన వెసులుబాటు కలదు. కనుక ఆ చోటు వృత్తముగా నుండుటయే న్యాయము.

ఉదాహరణమునకు, రెండు ఫ్లాంజిలను కలుపు బోల్టు 12 మి.మీ., రంధ్రమునకు అనుమతించిన కనిష్ఠ వ్యాసము 13 మి.మీ. అనుకొందము. అప్పుడు ప్రతి రంధ్రపు కేంద్రము 1 మి.మీ. వ్యాసముగల వృత్తములో ఎచ్చట నున్నను బోల్టు దూరును. ఆ వృత్తములో ఇముడు చతురస్రముకంటె వృత్తవైశాల్యము నూటికి 57 వంతులు అధికము. అనగా మంచి భాగములు వృథాగా పారవేయబడవు. రంధ్రము 13.2 మి.మీ. వచ్చినచో వెసులుబాటు కూడ 1.2 మి.మీ.కు పెరుగును. ఈ సడలింపు వర్తించుచోట వలయములో ఎమ్ అను అక్షరము వ్రాయుదురు.

ఈ నియమములన్నియు చిన్న గళ్ళపెట్టెలో ఇముడును. మొదటి గడిలో గుర్తు, రెండవదానిలో తేడా, తరువాతి గళ్ళలో ఆధారములు ఉండును. అంతర్జాతీయముగా ఐ.ఎస్.ఒ. 1101, మన దేశమున ఐ.ఎస్. 8000 ప్రమాణములు ఈ గుర్తులను నిర్దేశించినవి. అయితే హద్దును అనవసరముగా బిగించినచో పని కష్టమై ధర పెరుగును. అమరికకు ఎంత అవసరమో అంతయే కోరుట వివేకము.

పంచాయతీలు చేయదగినవి

పూర్వము మన గ్రామములలో వేసిన పోత ఇనుప పంపులు తరచుగా చెడుచుండెను. 1970 దశాబ్దములో యూనిసెఫ్ తోడ్పాటుతో ఇండియా మార్క్ 2 పంపు రూపొందినది. 1979లో దానికి ఐ.ఎస్. 9301 అను భారతీయ ప్రమాణము వెలువడినది. 2004లో బోరుబావి చేతిపంపులకు ఐ.ఎస్. 15500 వచ్చినది. పెక్కుమంది తయారుచేసినను భాగములు ఒకదానికొకటి అమరవలెనన్నదే ఇట్టి ప్రమాణముల ఆశయము. దానిని నిలుపుకొనుట మన చేతిలో నున్నది.

1. కొనుగోలు ఉత్తరువులో “పంపు భాగము” అని మాత్రము వ్రాయక, ప్రమాణసంఖ్యను కూడ వ్రాయుడు, ఐ.ఎస్.ఐ. ముద్రగల సరుకును కోరుడు.

2. సమీపములోని లేతు వర్కుషాపులో భాగమును చేయింపవలసివచ్చినచో, అరిగిన పాతభాగమును మాదిరిగా ఇయ్యకుడు. అరుగుదల కూడ క్రొత్తదానిలో దిగును. డ్రాయింగు ప్రతినే ఇయ్యుడు.

3. సరుకు వచ్చిననాడే రెండు ఫ్లాంజిలను ముఖాముఖిగా ఆనించి, నాలుగు బోల్టులను చేతితో దూర్చి చూడుడు. సుత్తి అవసరమైనచో, డబ్బు చెల్లింపక ముందే లిఖితపూర్వకముగా త్రిప్పి పంపుడు.

4. రంధ్రమును ఊరిలో పెద్దది చేయనీయకుడు. నేడు దానితో పని గడచినను, రేపు వచ్చు భాగము బిగుతుగా నిలువదు.

ఈ నాలుగు జాగ్రత్తలకును పెద్ద ఖర్చు లేదు. డ్రాయింగులోని హద్దును మన్నించి చేయించిన భాగము, నడివేసవిలో మధ్యాహ్నవేళ పంపు ఆగినను, సాయంకాలమునకే బిందెలు నింపగలదు.