వాట్సాప్ ఫొటో ప్రింట్‌లో ఎందుకు మసకబారుతుంది? 300 డీపీఐ అసలు సంగతి

ఇవాళ్టి ఎపిసోడ్ ఫొటోల గురించి. ఫోన్‌లో అద్దంలా కనిపించిన ఫొటో, ప్రింట్ తీయించేసరికి ఎందుకు మసకగా వస్తుంది? షాపులో "300 డీపీఐ పెట్టి తీసుకురా" అంటారు కదా, ఆ 300 అంటే ఏంటి? ఫొటోషాప్‌లో, జింప్‌లో దాన్ని ఎలా పెట్టాలి? ఎప్పుడు పెట్టినా లాభం ఉండదు? ఇవన్నీ చూద్దాం. వీడియో చూసే వీలు లేనివాళ్ళ కోసం మాట్లాడిందంతా ఇక్కడ రాసి పెడుతున్నాం. స్క్రీన్ మీద చూపించినవి కూడా మాటల్లోనే చెప్పాను.

ముందు నేను చేసిన తప్పు చెప్తా. మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు. పోయినేడాది మా నాయనమ్మ చనిపోయింది. పెద్దకర్మ నాటికి ఫొటో కట్టించాలి. ఇంట్లో సిస్టమ్ ముందు కూర్చునేది నేనే కాబట్టి ఆ పని నాకు అప్పజెప్పారు. తీరా వెతికితే ఆమెకి విడిగా తీసిన ఫొటో ఒక్కటీ లేదు. ఆధార్ కార్డు మీద ఉన్న బొమ్మ ఒకటి, మా అక్క పెళ్ళిలో అందరితో కలిసి దిగిన గ్రూపు ఫొటో ఒకటి. ఆ గ్రూపు ఫొటో మా ఫ్యామిలీ వాట్సాప్‌లో ఉంది. అందులో నాయనమ్మ నవ్వుతూ ఉంది.

దాన్ని డౌన్‌లోడ్ చేసి, నాయనమ్మ వరకు క్రాప్ చేసి, ఫొటోషాప్‌లో 12×15 అంగుళాలు, రెజల్యూషన్ 300 అని కొట్టి ఓకే నొక్కా. ఫైల్ సైజు బాగా పెరిగింది. పనైపోయిందనుకుని గుంటూరులో ఒక స్టూడియోకి పట్టుకెళ్ళా. ఆయన ఫైల్ తెరిచి, ముఖం దగ్గరికి జూమ్ చేసి అడిగాడు.

"ఇది ఎక్కడిది తమ్ముడూ?"

"వాట్సాప్‌లోదండీ. కానీ 300 పెట్టాను, చూడండి."

"నువ్వు పెట్టావులే. ఫొటోలో ఉండాలి కదా!"

నేను వినలేదు, తీయమన్నా. ముఖం మైనపు బొమ్మలా వచ్చింది. ఆయన చెప్పిన ముక్క అర్థం కావడానికి నాకు ఒక పెద్ద ప్రింట్ ఖర్చయింది. మీకు ఆ ఖర్చు లేకుండా చెప్తాను.

పిక్సెల్ లెక్క

డిజిటల్ ఫొటో అంటే రంగు గళ్ళ వరుసలు. ఒక్కో గడి ఒక పిక్సెల్. 1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ అనే ఇంజనీరు తన పసిబిడ్డ ఫొటోని స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించారు. డిజిటల్ ఫొటోల్లో మొదటిది అదే అంటారు. ఆ ఫొటో 5 సెంటీమీటర్ల చదరం. పిక్సెల్స్ 176×176. అంటే అంగుళానికి దాదాపు 89 పిక్సెల్స్ పడ్డాయి. డీపీఐ అని మనం పిలిచేది ఈ అంకెనే. నిజానికి పిక్సెల్స్‌కి పీపీఐ అనాలి, డీపీఐ అంటే ప్రింటర్ వేసే ఇంకు చుక్కలు. కానీ షాపుల్లో అందరూ డీపీఐ అనే అంటారు, మనమూ అలాగే అనుకుందాం.

అంటే డీపీఐ అనేది ఒక భాగహారం, అంతే. పిక్సెల్స్‌ని అంగుళాలతో భాగిస్తే వచ్చేది. ఎన్ని అంగుళాలు ప్రింట్ తీస్తారో చెప్పకుండా "ఈ ఫొటో 300 డీపీఐ" అంటే దానికి అర్థమే లేదు.

మన వైపు కళ్ళంలో మిరపకాయలు ఆరబోస్తారు కదా. పది బస్తాల కాయలు చిన్న జాగాలో పోస్తే నేల కనపడదు. అవే పది బస్తాలు అరెకరంలో పరిస్తే కాయకీ కాయకీ మధ్య నేల కనిపిస్తుంది. కాయలు పెరగలేదు, తగ్గలేదు. జాగా మారింది. పిక్సెల్స్ కాయలు, కాగితం కళ్ళం.

ఇప్పుడు నా ఫొటో లెక్క చూడండి. వాట్సాప్‌లో వచ్చిన ఫైల్ 1600×1200. అందులో నాయనమ్మ వరకు క్రాప్ చేస్తే మిగిలింది 320×400. దాన్ని 12×15 అంగుళాల మీద పరిస్తే అంగుళానికి 27 కూడా లేవు. నేను 300 అని కొట్టినప్పుడు సాఫ్ట్‌వేర్ ఏం చేసిందంటే, లక్షా 28 వేల పిక్సెల్స్‌ని కోటీ 62 లక్షలు చేసింది. అంటే 126 పిక్సెల్స్‌లో ఒకటి మాత్రమే కెమెరా చూసింది. మిగతా 125 పక్కవాటిని చూసి ఊహించి నింపినవి. కాయలు లేని చోట నేలకి ఎర్ర రంగు కొట్టినట్టు.

మరి ఫోన్‌లో బాగానే కనిపించింది కదా అంటారేమో. చాలా ఫోన్ల స్క్రీన్ అడ్డంగా 1080 పిక్సెల్స్ ఉంటుంది, వెడల్పు మూడు అంగుళాల లోపే. దానికి 1600 పిక్సెల్స్ ఫొటో ఎక్కువే. కాగితం అంత చిన్నది కాదు.

300 ఎందుకు? అన్నిటికీ 300 కావాలా?

పుస్తకం పట్టుకున్నంత దూరంలో, అంటే అడుగు దూరంలో చూసేటప్పుడు, అంగుళానికి 300 ఉంటే మన కన్ను గళ్ళని విడదీసి చూడలేదు. ఆఫ్‌సెట్ ప్రింటింగ్‌లో మంచి కాగితం మీద అంగుళానికి 150 చుక్కల వరుసలు వేస్తారు, ఫొటోలో దానికి రెట్టింపు ఉండాలన్నది అక్కడి లెక్క. అలా కూడా 300 అనేది అలవాటైంది.

300 దగ్గర మామూలు సైజులకి కావలసిన పిక్సెల్స్ ఇవి. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

- 3.5×4.5 సెంటీమీటర్ల పాస్‌పోర్ట్ ఫొటో: 413×531
- 4×6 అంగుళాలు: 1200×1800
- ఏ4: 2480×3508
- 12×18 అంగుళాలు: 3600×5400

గోడకి కట్టే పెద్ద ఫొటోని నాలుగైదు అడుగుల దూరం నుంచి చూస్తాం కాబట్టి 200 ఉన్నా చాలు, 150తో కూడా సర్దుకోవచ్చు. ఫ్లెక్సీ అయితే రోడ్డు అవతలి నుంచి చూస్తాం. 6×4 అడుగుల ఫ్లెక్సీకి 72 డీపీఐ లెక్కన 5184×3456 పిక్సెల్స్ సరిపోతాయి. అక్కడ కూడా 300 పెడితే ఫైల్ బరువే తప్ప ప్రయోజనం లేదు.

ఫొటోషాప్‌లో ఎలా చేయాలి?

1. ఫొటో తెరిచి ఇమేజ్ మెనూలో ఇమేజ్ సైజ్ నొక్కండి. షార్ట్‌కట్ కావాలంటే కంట్రోల్, ఆల్ట్, ఐ.

2. కింద రీశాంపుల్ అని ఒక టిక్ ఉంటుంది. ముందు దాన్ని తీసేయండి. ఈ ఎపిసోడ్‌లో ఇదొక్కటి గుర్తుపెట్టుకున్నా చాలు. టిక్ తీస్తే పిక్సెల్స్ జోలికి వెళ్ళదు, కాయలు కాయల్లాగే ఉంటాయి.

3. విడ్త్ దగ్గర ఇంచెస్ పెట్టి మీకు కావలసిన సైజు కొట్టండి. రెజల్యూషన్ అంకె దానంతటదే మారుతుంది. అదే మీ ఫొటో నిజమైన డీపీఐ.

4. ఆ అంకె 200 పైన ఉంటే ధైర్యంగా తీయించండి. 150 దగ్గర ఉంటే గోడ మీదికి పర్లేదు. 100 లోపు ఉంటే ఆగండి. సైజు తగ్గించండి, లేదా అసలు ఫొటో ఎవరి దగ్గరుందో కనుక్కోండి.

5. అంకె 300 దాటి బాగా ఎక్కువ ఉంటే అప్పుడు రీశాంపుల్ టిక్ పెట్టి 300 కొట్టండి. ఎక్కువ ఉన్నదాన్ని తగ్గించడం ఫర్వాలేదు. కానీ సేవ్ యాజ్ కొట్టి వేరే పేరుతో దాచండి. ఒకసారి తగ్గించి అసలు ఫైల్ మీదే సేవ్ చేస్తే పోయిన పిక్సెల్స్ మళ్ళీ రావు.

ఇంకో రెండు జాగ్రత్తలు. క్రాప్ టూల్ తీసుకున్నప్పుడు పైన సైజుల పక్కన రెజల్యూషన్ గడిలో 300 అని ఉంటే, క్రాప్ చేసేటప్పుడే చెప్పాపెట్టకుండా రీశాంపుల్ చేసేస్తుంది. ఆ గడి ఖాళీగా ఉంచండి. రెండోది, ఫోన్ ఫొటో ఎక్కువగా 4:3 కొలతలో ఉంటుంది, 4×6, 12×18 ప్రింట్లు 3:2. మీరే క్రాప్ చేసుకుని వెళ్తే ఎవరి తల పోతుందో, ఎవరి కాళ్ళు పోతాయో మీ చేతిలో ఉంటుంది. విడ్త్, హైట్ మధ్య ఉండే గొలుసు గుర్తు మాత్రం తీయొద్దు. తీస్తే ముఖాలు సాగిపోతాయి.

ఫొటోషాప్ కొనలేనివాళ్ళకి జింప్ ఉచితం. అందులో ఈ రెండు పనులూ విడివిడిగా ఉంటాయి కాబట్టి ఇంకా తేలిక. ఇమేజ్ మెనూలో ప్రింట్ సైజ్ అంటే అంగుళాలు మాత్రమే మారతాయి. స్కేల్ ఇమేజ్ అంటే పిక్సెల్స్ మారతాయి. సిస్టమ్ లేనివాళ్ళు బ్రౌజర్‌లో ఫొటోపీ తెరవండి. దాదాపు ఫొటోషాప్‌లాగే ఉంటుంది. ఫోన్‌లో వేళ్ళతో కాస్త ఇబ్బందే గానీ పని జరుగుతుంది.

అసలు ఫొటో ఎక్కడ చచ్చిపోతుంది?

మూడు చోట్ల. ఒకటి, వాట్సాప్‌లో మామూలుగా పంపినప్పుడు. 2023 ఆగస్టులో హెచ్‌డీ ఆప్షన్ ఇచ్చారు, అది కొంత నయం. అయినా అదీ ఒరిజినల్ కాదు. ప్రింట్‌కి పంపేటప్పుడు పిన్ను గుర్తు నొక్కి డాక్యుమెంట్‌గా పంపండి. అప్పుడు ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది.

రెండు, స్క్రీన్‌షాట్. స్టేటస్‌లో నచ్చిన ఫొటోని స్క్రీన్‌షాట్ తీస్తే మీకు వచ్చేది మీ స్క్రీన్‌లో ఉన్నన్ని పిక్సెల్సే.

మూడు, ఆన్‌లైన్ అప్లికేషన్లు. బ్యాంకు పరీక్షలకి ఐబీపీఎస్ అడిగే ఫొటో 200×230 పిక్సెల్స్, 20 నుంచి 50 కేబీ. మనం ఫొటోని కష్టపడి అంతకి కుదిస్తాం, అప్లికేషన్ పెట్టాక ఆ చిన్న ఫైలే ఉంచుకుని అసలుది తీసేస్తాం. తర్వాత అదే ఫైల్‌ని పాస్‌పోర్ట్ సైజు ప్రింట్‌కి ఇస్తే 300 దగ్గర 17 మిల్లీమీటర్ల వెడల్పుకే సరిపోతుంది. పాస్‌పోర్ట్ ఫొటోలో సగం అన్నమాట.

మీ దగ్గరున్న ఫొటో ఏ రకమో తెలుసుకోవాలంటే గూగుల్ ఫొటోస్‌లో ఫొటో తెరిచి పైకి జరపండి. కింద వివరాల్లో పిక్సెల్స్ ఉంటాయి.

మరి ఏఐ ఉంది కదా?

నేనూ అదే అనుకున్నా. మొదటి ప్రింట్ పాడయ్యాక ఆ చిన్న ఫొటోని ఒక ఏఐ యాప్‌లో వేశా. నిమిషంలో తళతళలాడుతూ వచ్చింది. ముడతలు పోయాయి. కుడి కంటి కింద పుట్టుమచ్చ పోయింది. పళ్ళు వరుసగా వచ్చాయి. తీసుకెళ్ళి అమ్మకి చూపించా. అమ్మ కాసేపు చూసి, "బాగుంది గానీ, ఎవర్రా ఈమె?" అంది.

పొలం ఫొటోకో, మబ్బులకో ఏఐతో పెంచితే పెద్ద తేడా తెలియదు. ముఖం అలా కాదు. అందులో లేని వివరాన్ని అది ఎక్కడో చూసిన వేరే ముఖాల నుంచి తెచ్చి అతికిస్తుంది. ఇంట్లో వాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది.

చివరికి ఏం చేశామంటే, ఆ గ్రూపు ఫొటో తీసింది ఎవరని ఆరా తీస్తే మా బాబాయ్ అని తేలింది. ఆయన పాత ఫోన్ బీరువాలో పడుంది. ఛార్జింగ్ పెడితే అదృష్టం కొద్దీ ఆన్ అయింది. ఒరిజినల్ 4608×3456. డాక్యుమెంట్‌గా పంపించుకుని క్రాప్ చేస్తే నాయనమ్మ వరకు 921×1152 వచ్చింది. రీశాంపుల్ టిక్ తీసి చూశా. 12×15కి అయితే 77 డీపీఐ కూడా లేదు. 6×7.5 అంగుళాలకి 153.

అందుకని 12×15 ఫ్రేమే తీసుకుని, మధ్యలో 6×7.5 ఫొటో పెట్టి, చుట్టూ తెల్ల మౌంట్ వేయించాం. చిన్నదే, కానీ పుట్టుమచ్చ కనిపిస్తోంది. అదే ఫొటో ఫ్లెక్సీ మీద రెండడుగుల వెడల్పున వేశారు, అంగుళానికి 38 పిక్సెల్సే. వీధి చివరి నుంచి చూస్తే బాగానే ఉంది. దూరం ఎంత పని చేస్తుందో అక్కడ అర్థమైంది.

మీకు ఇవాళ ఒక పని చెప్తా. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే సాయంత్రం వెలుతురు ఉండగానే వాకిట్లో కూర్చోబెట్టి, ఒక్కొక్కరికీ విడిగా ఒక ఫొటో తీయండి. జూమ్ చేయకుండా దగ్గరికి వెళ్ళి తీయండి. ఫిల్టర్లు వద్దు. ఆ ఒరిజినల్‌ని ఫోన్‌లో ఒకచోట, డ్రైవ్‌లో ఒకచోట దాచండి. మామూలు 12 మెగాపిక్సెల్ ఫోన్ ఫొటో 4000×3000 ఉంటుంది. అది 300 దగ్గర 13×10 అంగుళాలకి హాయిగా వస్తుంది. ఇంత హైరానా పడక్కర్లేదు.

తీశాక ఆ ఫొటో పిక్సెల్స్ ఎన్నో, ఏ సైజు ప్రింట్‌కి సరిపోతుందో లెక్క వేసి కామెంట్‌లో రాయండి. తప్పుంటే నేను సరిచేస్తా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.