మేత ముట్టని సముద్రపు చేప

మన జంతుశాస్త్ర ప్రయోగశాలలో ఉప్పునీటి అక్వేరియం ఒకటి ఏర్పాటు చేయవలసినదిగా విద్యార్థి మిత్రులు కళాశాల కమిటీ వారిని కోరిన సంగతి పాఠకులకు తెలిసినదే. ఆ కోరికను నేను మనసారా బలపరుస్తున్నాను. అయితే తొట్టె కొన్న వారంలోనే చేపలను కొనరాదని మాత్రం ముందుగా మనవి చేసుకుంటున్నాను. ఇది పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు. కొన్ని సంవత్సరాల క్రితం అరసవల్లిలోని మా ఇంట మూడు చేపలను పోగొట్టుకొని నేర్చుకున్న పాఠం.

విశాఖపట్నంలో ఒక దుకాణంలో రెండు క్లౌన్ చేపలను, ఒక బటర్‌ఫ్లై చేపను, నీలిరంగు డామ్సెల్ చేపను ఒకదానిని కొని, ప్లాస్టిక్ సంచులలో బస్సు మీద ఇంటికి తెచ్చాను. చెరువు గట్టున మరమరాలు చల్లితే చేపలు ఎగబడి తినడం చిన్ననాటి నుంచి చూసినవాణ్ణి. ఈ చేపలూ అట్లే తింటాయనుకున్నాను. అవి తినలేదు. మూలకు ఒదిగి, రెప్ప లేని కళ్లతో నన్ను చూస్తూ ఉండిపోయాయి. అన్నం తినని బిడ్డకు తల్లి రకరకాలుగా ముద్దలు కలిపి పెట్టినట్లు నేను పొడిమేత వేశాను, రొయ్య తురిమి వేశాను, ఉడికించిన గుడ్డుసొన కూడా వేశాను. అయిదవ నాటికి నీరు మసకబారింది. ఎనిమిదవ నాడు బటర్‌ఫ్లై చేప పక్కకు ఒరిగింది.

చేప ఆకలి లేక తినడం లేదనుకోవడమే నా తొలి పొరపాటు. కొత్తగా వచ్చిన సముద్రపు చేప మేత మానడం చాలా సందర్భాలలో మేతకు సంబంధించిన విషయమే కాదు. అది నీటికి, ప్రయాణానికి, భయానికి సంబంధించిన విషయం.

మాగాయ పెట్టే ఇళ్లలో అందరూ చూసే ఉంటారు. మామిడి ముక్కలను ఉప్పులో ఊరవేస్తే ముక్కలోని నీరు ఊటగా బయటికి దిగుతుంది. సముద్రపు చేప జీవితమంతా అటువంటి ఉప్పులోనే గడుస్తుంది. లీటరు సముద్రజలంలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉండగా, చేప దేహద్రవాలలో ఉండేది దానిలో మూడవ వంతు మాత్రమే. అందువల్ల మొప్పల ద్వారా నీరు నిరంతరం బయటికి పోతూ ఉంటుంది. ఆ నష్టాన్ని పూడ్చుకోవడానికి చేప సముద్రాన్ని తాగుతుంది. తాగిన ఉప్పును మొప్పలలోని ప్రత్యేక కణాల ద్వారా తిరిగి వెలుపలికి నెట్టివేస్తుంది. మంచినీటి చేపకు ఈ అవస్థ లేదు. బెదిరిన చేపలో, మొప్పలు దెబ్బతిన్న చేపలో ఈ పంపిణీ తప్పుతుంది. నీటి నడుమనే అది దాహంతో ఎండిపోతుంది. అట్టి స్థితిలో ఉన్న ప్రాణి ముందు గుడ్డుసొన ఉంచడం ఎంతటి అమాయకత్వమో నాకు తరువాత తెలిసింది.

ప్రయాణం సంగతి మరొకటి. సంచిలోని నీరు మలినం కాకుండా ఉండేందుకు వ్యాపారులు ఒకటి రెండు రోజుల ముందునుంచే చేపకు మేత ఆపివేస్తారు. సముద్రం నుంచి సేకరించేవాని వద్దకు, అక్కడినుంచి టోకు వ్యాపారి వద్దకు, ఆపైన దుకాణానికి, చివరకు మన ఇంటికి చేరేసరికి అది ఎన్ని ఉపవాసాలు చేసి ఉంటుందో ఊహించుకోవలసిందే. కొన్ని దూరదేశాలలో, ముఖ్యంగా ఫిలిప్పైన్స్‌లో, 1960ల నుంచి సయనైడు ద్రావణం చిమ్మి పగడపు దిబ్బల చేపలను మత్తెక్కించి పట్టే దురాచారం ఉన్నది. అట్లు పట్టిన చేప పైకి నిగనిగలాడుతూనే ఉన్నా, లోపలి అవయవాలు దెబ్బతిని ఆ తరువాత మరణించవచ్చు.

ఇక సంచిని విప్పడంలో నేను చేసిన తప్పు. మూసిన సంచిలో చేప విడిచిన బొగ్గుపులుసు వాయువు వల్ల నీటి పి.హెచ్. తగ్గుతుంది. చేప విసర్జించిన అమ్మోనియా ఆ స్థితిలో దాదాపు హానిలేని రూపంలో ఉంటుంది. సంచి విప్పగానే ఆ వాయువు తప్పుకొని పి.హెచ్. పెరుగుతుంది. అది ఒక అంకె పెరిగితే అమ్మోనియాలోని విషభాగం సుమారు పదింతలవుతుంది. బంగారు చేపలకు చేసిన అలవాటున నేను సంచి మూతి విప్పి, రెండు గంటలసేపు కొంచెం కొంచెంగా తొట్టె నీరు కలుపుతూ కూర్చున్నాను. జాగ్రత్త పేరిట చేపలను విషంలో నానబెట్టానన్న మాట! సంచిని మూసి ఉంచే కొంతసేపు తేల్చి, వేడిమి సమానం కాగానే లవణీయత సరిచూసి, చేపను మాత్రం తొట్టెలోకి మార్చి, సంచి నీటిని పారబోయడం మేలు.

ఆ అమ్మోనియాయే తొట్టెలోనూ శత్రువు. సముద్రంలో అది క్షణంలో కలిసిపోతుంది. తొట్టెలో దానిని మొదట నైట్రైటుగా, ఆపైన అంతగా హాని చేయని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు ఇసుక మీద, రాళ్ల మీద స్థిరపడవలసి ఉన్నది. అందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేప తినలేదని మనం వేసే అదనపు మేత కుళ్లి అమ్మోనియా అవుతుంది. అమ్మోనియా వల్ల చేప మరింతగా మేత మానుతుంది. మానిందని మనం ఇంకా వేస్తాము. మా ఇంట జరిగినదంతా ఇదే.

బటర్‌ఫ్లై చేప విషయంలో మరొక సంగతి ఉన్నది. ఆ జాతిలో కొన్ని రకాలు సజీవమైన పగడపు జీవులను తప్ప మరి దేనినీ ఆహారంగా గుర్తించవు. వాటిని కొని తెచ్చుకోవడం ఆకలిచావుకు తేవడమే. డామ్సెల్ మాత్రం తిన్నది. తినడమే కాక తక్కిన చేపలను మూలలకు తరిమింది కూడా. అది చూడటానికి ముచ్చటైనదే గాని, గుణం మాత్రం పోకిరి.

పన్నెండవ నాడు క్లౌన్ చేపల మీద ఉప్మారవ్వ చల్లినట్లు తెల్లని చుక్కలు కనిపించాయి. అది క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ పరాన్నజీవి. నాలుగు రోజులకు చుక్కలు మాయమైతే రోగం కుదిరిందని సంతోషించాను. నిజానికి ఆ జీవి చేప మీద మూడు నుంచి ఏడు రోజులు ఉండి, తనంత తానే రాలి, అడుగున గుల్ల కట్టుకొని, లోపల వందలకొద్దీ పిల్లలుగా విడిపోతుంది. విశాల సముద్రంలో ఆ పిల్లలలో చేపను చేరగలిగేవి చాలా స్వల్పం. గాజు గోడల నడుమ అవి తప్పిపోయే చోటేదీ? రెండవ దాడిలో రెండు క్లౌన్ చేపలూ పోయాయి. రాగి లవణం ఈ వ్యాధికి మందే గాని, మోతాదు మించితే చేపకు హాని. రొయ్య, పీత వంటి అకశేరుకాలకైతే ప్రాణాంతకం. కనుక చికిత్స ప్రధాన తొట్టెలో చేయరాదు.

ఈ కారణంచేతనే కమిటీ వారు పెద్ద తొట్టెతోపాటు ఒక చిన్న తొట్టెను, సాంద్రత చూపే హైడ్రోమీటరును, అమ్మోనియా పరీక్ష సామగ్రిని కూడా మంజూరు చేయవలెనని కోరుతున్నాను. కొత్త చేప ఏదైనా నెలరోజులు చిన్న తొట్టెలో వేరుగా ఉండాలి. మొదటి రోజు దీపం ఆర్పి, దాగుకొనడానికి ఒక గొట్టం ముక్క వేసి, దానిని విడిచిపెట్టాలి. మరునాడు కదిలే సజీవాహారం, అనగా ఆర్టీమియా పిల్లలు, చిటికెడు వేసి చూడాలి. పది నిమిషాలలో తినకపోతే మిగిలినది తీసివేయాలి. కొనేముందు దుకాణదారుని చేతనే మేత వేయించి, చేప తినడం కళ్లారా చూడటం అన్నిటికంటె చౌకైన జాగ్రత్త. తొట్టెలలో పుట్టి పెరిగిన క్లౌన్ చేపలు దొరికితే మరీ మంచిది. అవి పుట్టింది మొదలు మనిషి వేసే మేతకే అలవాటు పడినవి. మన దేశంలో వాటిని పొదిగించే విధానాన్ని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ రూపొందించింది. సముద్రాశ్వాలను, పగడాలను ఎవరైనా అమ్మజూపితే మాత్రం కొనరాదు. 2001లో అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వచ్చాయి.

నీటి విషయంలో ఒక హెచ్చరిక. నౌపడ ఉప్పు మంచినీటిలో కలిపితే సముద్రజలం అవుతుందని ఒక మిత్రుడు సలహా ఇచ్చారు. కాదు. ఉప్పు మళ్లలో ఉప్పు గడ్డకట్టాక మిగిలే చేదునీటిలోనే మెగ్నీషియం లవణాలలో అధికభాగం పోతుంది. కళింగపట్నం నుంచి నీరు తేవచ్చునుగాని వానకాలంలో కాదు. వంశధార వరద కలిసినప్పుడు అక్కడి సముద్రం ఉప్పదనం బాగా తగ్గుతుంది.

కనుక వేసవి సెలవులకు ముందే నీరు తెచ్చి తొట్టె నింపి, సూక్ష్మజీవులకు ఆహారంగా ఒక రొయ్య ముక్క వేసి ఉంచితే, కళాశాల తిరిగి తెరిచేనాటికి అది చేపలకు సిద్ధమై ఉంటుంది. ఆవిరైపోయేది నీరే గాని ఉప్పు కాదు గనుక, తగ్గినంత మేరకు మంచినీరు పోస్తూ ఉండాలి. సెలవులలో ఆ పని నాకు అప్పగించవచ్చు. అరసవల్లి నుంచి సైకిలు మీద వచ్చిపోగల దూరమే.