మోటారు కారు వెనుక అద్దము: వేడి తీగలు, వాణి తీగలు

దిల్‌సుఖ్‌నగరునుండి ఎల్.బి. నగరు కూడలివఱకు పోవు రాజమార్గమున సాయంకాలమందు వరుసలుగా నిలిచియుండు కార్లను మన విద్యార్థులు ప్రతిదినమును చూచుచునే యున్నారు. వానిలో పెక్కింటి వెనుక అద్దములపై అడ్డముగా సన్నని గోధుమవన్నె గీతలు పదియో పండ్రెండో కానవచ్చును. ఆ గీతలెందులకని మేము తరగతిలో అడిగినప్పుడు కొందఱు అలంకారమునకనిరి. కొందఱు అద్దము పగులకుండుటకనిరి. ఈ రెండును సరికావు. అవి విద్యుత్తును కొనిపోవు తీగలు. అద్దముపై పట్టిన చెమ్మను వేడిచే పోగొట్టుట వాని మొదటి పని. కొన్ని కార్లలో ఆ తీగలే ఆకాశమునుండి వచ్చు రేడియో తరంగములను గ్రహించు ఏరియల్ పనిని కూడ చేయుచున్నవి. ఒక్క తీగ యీ రెండు పనులను ఒకదానికొకటి అడ్డురాకుండ ఎట్లు చేయుచున్నదో, మన అజాగ్రత్తవలన ఆ రెండును ఒక్క నిమిషములో ఎట్లు చెడునో తెలుపుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

రేడియోకును మన ప్రాంతమునకును గల సంబంధము నేటిది కాదు. నిజాము ప్రభుత్వమువారి దక్కన్ రేడియో 1935 ఫిబ్రవరి 3వ తేదీన 200 వాట్ల చిన్న యంత్రముతో పలుకనారంభించెను. 1939లో 5 కిలోవాట్ల ప్రసారయంత్రమును మన ప్రక్కనున్న సరూర్‌నగరులోనే నెలకొల్పిరి. 1950 ఏప్రిల్ 1వ తేదీన ఆ కేంద్రము భారత ప్రభుత్వము వశమయ్యెను. ఆ దినములలో వార్తలు వినగోరువారు మేడపై రెండు గడలు పాతి, వాని నడుమ పొడవైన రాగితీగను కట్టి, దాని కొనను కిటికీగుండ రేడియో పెట్టెకు తెచ్చుకొనెడివారు. ఆ పొడవైన ఏరియల్ నేడు మూడున్నర అడుగుల అద్దములో ఇమిడినదనగా ఆశ్చర్యము కాదా?

మోటారు కారులో రేడియో అమర్చుట 1930 ప్రాంతమున అమెరికాలో వ్యాప్తికి వచ్చెను. ఆ యేటనే గాల్విన్ సోదరులు ‘మోటరోలా’ అను పేరుతో కారు రేడియోను విక్రయింప మొదలిడిరి. తరువాత చాలకాలము కారు ముందు భాగమునగాని వెనుక భాగమునగాని నిలువుగా లోహపు కడ్డీ యుండెడిది. అది చెట్టుకొమ్మలకు తగిలి విఱుగును. కారు కడుగువాని చేతిలో వంగును. వీధి బాలుర చేతికి ఆటవస్తువగును. ఈ బాధ తప్పించుటకై 1969లో పాంటియాక్ గ్రాండ్ ప్రీ అను అమెరికా కారు ముందు అద్దములోనే సన్నని తీగను పొదిగిరి. వెనుక అద్దమున వేడి తీగలు వాడుకలోనికి వచ్చిన పిమ్మట, ఇన్ని గజముల తీగ అచటనే యుండగా వేఱుగ ఏరియల్ ఏలయను ఆలోచన పుట్టినది. నేటికిని అన్ని కార్లలో ఇట్లుండదు. పెక్కింటికి పైకప్పుమీద చిన్న కడ్డీయే కలదు. కాని అట్టి కడ్డీ లేని కారు రేడియో పలుకుచున్నచో, దాని ఏరియల్ అద్దములో నున్నదేమోయని చూడవలెను.

ముందుగా వేడి సంగతి విచారింతము. వానకాలమున తల్లిదండ్రులు పిల్లలను ఎక్కించుకొని కారు తలుపులు బిగించుకొందురు. నలుగురైదుగురి ఊపిరియందును తడిసిన బట్టలయందును ఉన్న నీటియావిరి లోపలి గాలిలో నిండును. వాన తగిలి చల్లబడిన అద్దమును ఆ గాలి తాకగనే ఆవిరి సూక్ష్మమైన నీటిబొట్లుగా మారి అద్దమును కప్పివేయును. చల్లని చెంబుకు చెమట పట్టుట యిట్టిదే. ముందు అద్దమునకు ఎదురుగా గాలి వీచు ఏర్పాటు ఉండును గాని, వెనుక అద్దమువఱకు ఆ గాలి చక్కగా చేరదు. అందుచే దానికి ప్రత్యేకముగ వేడి కావలసివచ్చినది. చెమ్మ పట్టిన అద్దముతో కారును వెనుకకు నడుపువాడు కన్నులు మూసికొని నడుపువానితో సమానుడు. బడి గేటువద్ద కార్ల వెనుకగా పరుగెత్తు చిన్నపిల్లలు ఆ అద్దముయొక్క క్రింది అంచుకంటెను పొట్టివారు. కావున ఈ గీతలు విలాసమునకు సంబంధించినవి కావు; ప్రాణరక్షణకు సంబంధించినవి.

వీనిని చేయు విధానము ముచ్చటైనది. వెండిపొడిని మెత్తని గాజుపొడితో కలిపి ముద్దచేసి, బట్టలపై అచ్చు వేసినట్లు జాలిగుండ అద్దముపై గీతలు దించెదరు. తరువాత అద్దమును గట్టిపఱచుటకై 600 డిగ్రీలకు మించిన వేడిలో కాల్చునప్పుడు ఆ వెండి గాజుతో కలిసిపోవును. గీతల రెండు కొనలను ఇరుప్రక్కల వెడల్పైన పట్టీలు కలుపును. ఒక పట్టీకి బ్యాటరీనుండి 12 వోల్టులు వచ్చును; రెండవది కారు ఉక్కు శరీరమునకు కలుపబడును. ఉదాహరణమునకు పండ్రెండు గీతలుండి, ఒక్కొక్కదానిగుండ ఒక ఆంపియరు ప్రవహించుచున్నదనుకొందము. మొత్తము 12 ఆంపియర్లు. 12 వోల్టులతో గుణింపగా 144 వాట్లు. ఇంత వేడి అద్దమంతట పరచుకొన్నచో కొలది నిమిషములలో చెమ్మ ఆఱిపోవును.

ఇక వాణి సంగతి. రేడియో తరంగము లోహపు తీగను తాకినప్పుడు దానిలో అతిసూక్ష్మమైన విద్యుత్తు ఇటునటు ఊగును. తీగ పొడవు తరంగదైర్ఘ్యమునకు తగియున్నచో గ్రహణము బాగుండును. ఆకాశవాణివారి ఎఫ్.ఎమ్. రెయిన్‌బో హైదరాబాదులో 101.9 మెగాహెర్ట్జులపై పలుకుచున్నది. కాంతి సెకనుకు 30 కోట్ల మీటర్లు పోవునుగదా. దానిని 10 కోట్ల 19 లక్షలచే భాగింపగా తరంగదైర్ఘ్యము 2.94 మీటర్లు వచ్చును. అందు నాలుగవవంతు సుమారు 74 సెంటీమీటర్లు. కారు అద్దము ఈ కొలతకు చక్కగా సరిపడుచున్నది. ప్రక్కప్రక్కనున్న గీతల నడుమ దూరము రెండు మూడు సెంటీమీటర్లే గనుక, దాదాపు మూడు మీటర్ల తరంగమునకు ఆ జాలి అంతయు ఒకే లోహపు రేకువలె తోచును.

ఇచట చిక్కు వచ్చినది. వేడికొఱకు వచ్చునది 12 వోల్టులు; రేడియో తరంగము పుట్టించునది కొన్ని మైక్రోవోల్టులు మాత్రమే, అనగా వోల్టులో పదిలక్షలవ వంతులు కొన్ని. ఒకటి రెండవదానికి దాదాపు పదిలక్షల రెట్లు! పైగా తీగలు కారు శరీరమునకు కలుపబడియున్నందున, ఆ బలహీనమైన సంకేతము చిల్లుకడవలోని నీటివలె కారిపోవలసినదే. దీనికి ఇంజనీరులు కనుగొనిన ఉపాయము బలమునుబట్టి కాక స్వభావమునుబట్టి రెంటిని వేఱుచేయుట. బ్యాటరీ విద్యుత్తు ఒకే దిక్కునకు నిలుకడగా పోవును. రేడియో విద్యుత్తు సెకనుకు కోట్లమారులు దిక్కు మార్చుకొనును.

కావున వేడి తీగలకు పోవు రెండు దారులలోను ‘చోకు’ అను తీగచుట్టను ఉంచెదరు. నిండుగ బరువెత్తిన ఎడ్లబండిని తలచుకొనుడు. నిదానముగ నెట్టినచో అది కదలిపోవును; చేతితో గడగడ కుదిపినచో కదలదు. చోకు అట్టిది: నిలుకడైన ప్రవాహమును పోనిచ్చును, వేగముగ ఊగుదానిని ఆపును. రేడియో పెట్టెకు పోవు దారిలో ‘కండెన్సరు’ నుంచెదరు. గొట్టములో అడ్డముగా బిగించిన రబ్బరు పొర నీటిని దాటనీయదు గాని, నీటి అదరును అవతలికి అందించును. కండెన్సరు అట్టిది: బ్యాటరీ విద్యుత్తును ఆపి, తరంగపు ఊపును మాత్రము పంపును. మఱియొక నేర్పు కూడ కలదు. పోవు తీగను వచ్చు తీగను ఒకే ఇనుపజాతి ఉంగరముపై జంటగా చుట్టెదరు. రెండింటి అయస్కాంతశక్తులు ఎదురెదురై ఒకదానినొకటి రద్దుచేసికొనుటచే, ఎంత ప్రవాహము పోయినను ఉంగరము తన గుణమును కోల్పోదు.

పై తరగతులవారు ఒక చిన్న లెక్క వేయవచ్చును. చోకుయొక్క అడ్డు 2π, పౌనఃపున్యము, ప్రేరకత్వము అను మూడింటి లబ్ధము. ప్రేరకత్వము 2 మైక్రోహెన్రీలైనచో, 101.9 మెగాహెర్ట్జులకు ఆ అడ్డు సుమారు 1,280 ఓములు, చాలును. హైదరాబాదు ‘ఎ’ కేంద్రము దశాబ్దములపాటు పలికిన 738 కిలోహెర్ట్జుల మధ్యమ తరంగమునకో, సుమారు 9 ఓములే, ఏమాత్రము చాలదు. అందుచే మధ్యమ తరంగములకొఱకు, వేడి గీతలకు పైభాగమున వానితో కలియని రెండు మూడు గీతలను వేఱుగ గీయుట కలదు. ఆ తరంగము పొడవు 406 మీటర్లు; అద్దము దానిముందు చీమవంటిది. కావున అందిన కొంచెమును దారిలో పోకుండ అద్దము చెంతనే, కారు స్తంభమున దాగియుండు చిన్న యంత్రము హెచ్చించి పంపును. ఈ హెచ్చింపు యంత్రమును మఱువకుడు. దీని పని ముందు వచ్చును.

దిల్‌సుఖ్‌నగరువంటి చోట మఱియొక వింత జరుగును. 2018 సెప్టెంబరు 24వ తేదీన అమీర్‌పేట - ఎల్.బి. నగరు మెట్రో రైలు ప్రారంభమైనప్పటినుండి మన దారి నడిమధ్య కాంక్రీటు వంతెన సాగియున్నది. ఇరుప్రక్కల ఎత్తైన అంగళ్లున్నవి. తరంగము నేరుగా వచ్చునదిగాక గోడలకు తగిలి తిరిగివచ్చునది కూడ కారును చేరును. రెండు ఊపులును కలిసి వచ్చినచోట శబ్దము హెచ్చును, ఎదురుపడినచోట అణగిపోవును. ఎదురెదురుగ వచ్చు తరంగములలో ఇట్టి రెండు అణగుచోట్ల నడుమ దూరము అర తరంగదైర్ఘ్యము, అనగా సుమారు ఒకటిన్నర మీటరు. అందువలననే సిగ్నలువద్ద గరగరలాడిన పాట, కారు రెండడుగులు జరుగగనే చక్కబడును. దీనిని తప్పించుటకై కొన్ని కార్లలో అద్దముయొక్క రెండుచోట్లనుండి రెండు ఏరియల్‌లు తీసి, ఏది బాగుగ వినిపించునో దానిని యంత్రమే క్షణక్షణమును ఎంచుకొనునట్లు అమర్చిరి.

ఇన్ని తలంపులతో చేసిన వస్తువును మనమెట్లు పాడుచేయుచున్నాము? ఎండ బాధ తప్పుటకై అద్దములపై నల్లని పొర అంటించుకొనుట మన నగరమున విరివిగ ఉండెను. లోహము కలిసిన పొరలు ఎండతోపాటు రేడియో తరంగమును కూడ అడ్డును. చిన్న బ్యాటరీ రేడియోను పలుకుచుండగనే ఇనుప డబ్బాలోనుంచి మూత బిగించినచో అది మూగవోవుటను బాలురు ఇంట పరీక్షింపవచ్చును. 2012 ఏప్రిల్ 27వ తేదీన సుప్రీంకోర్టు వాహనముల అద్దములపై పొరలు అంటించుటను నిషేధించుచు తీర్పునిచ్చెను. అంతట పొరలను పెఱికించుకొనువారు ఎందఱో! ముందు అద్దమును, ప్రక్క అద్దములను బ్లేడుతో గీకినను ఎక్కువ నష్టము లేదు. వెనుక అద్దమును గీకుట వేఱు. అచటి వెండి కాగితముకంటె పలుచన. బ్లేడు తగిలినచో గీత తెగును. మా యెఱుకలోని కొత్తపేట కుటుంబమొకటి ఇట్లే పొర గీకించుకొని, ఆ వానకాలమంతయు వెనుక చెమ్మ పోవక, రేడియో పలుకక, కొత్త రేడియో పెట్టెను కూడ కొని, దోషము పెట్టెలో లేదని ఆలస్యముగ తెలిసికొనెను. దుకాణములవారు కొత్త పెట్టె బిగించునప్పుడు పైన చెప్పిన హెచ్చింపు యంత్రమునకు 12 వోల్టుల తీగ కలుపుట మఱచినను ఇదే ఫలము కలుగును. అందుచే పెట్టె మార్చుటకు ముందు ఆ తీగను చూపించుమని అడుగవలెను.

తల్లిదండ్రులకు కొన్ని సూచనలు. వెనుక అద్దమును లోపలనుండి తుడుచునప్పుడు మెత్తని తడిబట్టతో గీతల వెంబడి అడ్డముగ తుడువవలెను, నిలువుగ రుద్దరాదు. గీతలపై బొమ్మలను, పేర్లను అంటింపరాదు. వానిని పెఱుకునప్పుడు వెండియు వచ్చును. అద్దమునకు ఆనునట్లు పెట్టెలను, సైకిళ్లను నింపరాదు. గీత తెగినదో లేదో తెలిసికొనుట సులభము: చెమ్మ పట్టిననాడు వేడి మీట నొక్కి చూచినచో ఏ గీత వెంట చెమ్మ ఆఱదో అదియే తెగినది. వోల్టుమీటరుతో చూచినచో మంచి గీత నడుమ సుమారు 6 వోల్టులుండును. తెగిన గీతపై తెగినచోటికి ఇవతల 12, అవతల సున్న కనిపించును. అట్టిచోట వెండి కలిసిన రంగును సన్నని కుంచెతో పూసి అతుకవచ్చును, అద్దమంతయు మార్చనక్కఱలేదు.

విద్యార్థులారా! మీ ఇంటనో పొరుగింటనో కారున్నచో దాని వెనుక అద్దముపై గీతలెన్నియో లెక్కింపుడు. పైన ఏ గీతయైన విడిగానున్నదేమో చూడుడు. వాన కురిసిన ఉదయమున ఆ మీట నొక్కుమని ఇంటివారికి జ్ఞాపకము చేయుడు. చెమ్మ ఆఱి వెనుక నిలిచినవారు స్పష్టముగ కనబడినంతవఱకు కారును వెనుకకు కదలింపవలదని కోరుడు. రేడియో కొంచెముసేపు పలుకకపోయినను నష్టము లేదు. చూపు మాత్రము ఒక్క క్షణమైనను మూసికొనిపోరాదు.