కన్ను చూపేది, వాస్తవంగా ఉన్నది

చలికాలంలో బాపట్ల సమీపాన సూర్యలంక తీరంలో నిలబడితే సముద్రంలోనుంచి సూర్యబింబం లేస్తూ కనిపిస్తుంది. బింబపు అడుగు అంచు అప్పుడే నీటిని విడిచినట్లు తోచే క్షణంలో, ఆశ్చర్యమే గాని, సూర్యుడు పూర్తిగా దిగంతానికి దిగువనే ఉంటాడు. వాతావరణం కిరణాలను వంచి బింబాన్ని సుమారు 34 కళలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక కళ) పైకెత్తి చూపుతుంది. సూర్యుని వ్యాసమో దాదాపు 32 కళలే.

మరి ఫజ్ర్ నమాజు వేళ ఏ సూర్యోదయంతో ముగుస్తుంది? కనిపించే ఉదయంతోనే. రోజా ఆరంభపు హద్దును తెలిపిన ఆయతు (2:187) కూడా ఉదయపు తెలుపు మనకు స్పష్టపడడాన్నే ప్రమాణం చేసింది. విధులకు చూపు చాలు. అయితే ఆ చూపుకూ శిక్షణ కావాలి. సుబ్హె సాదిఖ్‌కు ముందు నిలువుగా తోచే వెలుగుకు సుబ్హె కాజిబ్, అంటే అబద్ధపు ఉదయం, అని పేరు. నిజానికి ఆ వెలుగు అబద్ధం కాదు. గ్రహాల కక్ష్యాతలంలోని ధూళిపై పడి చెదిరిన సూర్యకాంతి అది. దాన్ని చూసి తెల్లవారిందనుకోవడమే అబద్ధం.

ఈ తేడాను ఇబ్నుల్ హైతమ్ (మరణం సుమారు 1040) తమ కితాబుల్ మనాజిర్‌లో విడమరిచారు. వస్తువుల వెలుగు కంటిలోకి వస్తుందనీ, పరిమాణం, దూరం వంటివాటిని మనసు ఊహించి తేల్చుకుంటుందనీ, ఆ పని అతి వేగంగా జరగడంవల్ల మనం గుర్తించమనీ చెప్పారు. దిగంతం దగ్గరి చంద్రుడు పెద్దగా తోచడం ఈ తీర్పులోని పొరపాటే. చేయి చాచి చిటికెన వేలి గోటితో కొలిచి చూడండి. నడినెత్తిన ఉన్నప్పుడూ అంతే. తెనాలి జంక్షన్‌లో ఆగివున్న రేపల్లె బండిలో కూర్చున్నవారికీ ఇది కొత్త కాదు. పక్క బండి కదిలితే తమదే కదిలిందనిపిస్తుంది; ప్లాట్‌ఫారం స్తంభాన్ని చూడగానే భ్రమ తొలగుతుంది.

ఇమామ్ గజాలీ (1058–1111) ఆ స్తంభాన్నే ప్రశ్నించారు. నీడ కదలదని, నక్షత్రం దీనారంత అని కన్ను చెబుతుంది. బుద్ధి దాన్ని కొట్టివేస్తుంది. బుద్ధి తీర్పును కొట్టివేసే పై న్యాయాధిపతి లేడని ఎలా తెలుసు? కలలో ఉన్నవాడికి కల నిజమే కదా! ఈ సందేహం దాదాపు రెండు నెలలు తమను పీడించిందని అల్ మున్కిజ్ మినద్దలాల్‌లో రాసుకున్నారు. వాదంతో అది తీరలేదు. ఏ రుజువుకైనా ముందు కొన్ని మూలసత్యాలను ఒప్పుకోవాలి. సందేహంలో పడ్డవి అవే. అల్లాహ్ హృదయంలో వేసిన వెలుగుతో బుద్ధిమీద నమ్మకం తిరిగి వచ్చిందన్నారు. దీన్ని తర్కానికి ఓటమిగా చదివేవారున్నారు. అది తొందరపాటు. గ్రహణాల లెక్కలను ఇస్లాం పేరిట కాదనేవారు ధర్మానికే హాని చేస్తున్నారని ఆయన హెచ్చరించింది ఆ గ్రంథంలోనే.