మట్టి దిబ్బ ఎందుకు జారుతుంది?



చంద్రపూర్ నుంచి ఘుగ్గుస్ వైపు వెళ్లినా, రాజురా దాటి సాస్తి వైపు వెళ్లినా దారిలో కొండల్లాంటి మట్టి దిబ్బలు కనిపిస్తాయి. అవి దేవుడు పెట్టిన కొండలు కావు. ఓపెన్‌కాస్ట్ గనుల్లో బొగ్గు మీద ఉన్న మట్టినీ రాతినీ తీసి పోసిన ఓబీ డంపులు. సరిహద్దుకు అటు శ్రీరాంపూర్, రామగుండం ప్రాంతాల్లోనూ ఇలాంటివే ఉన్నాయి. వాటి దగ్గర మనవాళ్లు పనిచేస్తారు, పక్కనే చేలూ వాగులూ ఉంటాయి. 2016 డిసెంబర్ 29న జార్ఖండ్‌లోని లాల్‌మటియా గనిలో మట్టీ రాళ్లూ ఒక్కసారిగా జారిపడి 23 మంది కార్మికులు మరణించారు. కాబట్టి దిబ్బ ఎప్పుడు నిలుస్తుంది, ఎప్పుడు జారుతుంది అన్నది పుస్తకాల్లో మాత్రమే ఉండే ప్రశ్న కాదు.

కల్లంలో జొన్నల రాశి చూడండి. మనం రాశి అన్నా, మరాఠీలో రాస్ అన్నా దాని తీరు ఒక్కటే. పోస్తూ ఉంటే కొంత వాలు వరకు నిలుస్తుంది, ఆపైన పోసిన గింజ జారిపోతుంది. గింజకూ గింజకూ మధ్య ఉన్న ఒరిపిడే రాశిని నిలబెడుతుంది. పై పొరను ఒకవైపు, కింది పొరను మరోవైపు నెట్టే బలాన్ని ఇంజనీర్లు షియర్ అంటారు. ఈ నెట్టుడు ఒరిపిడిని మించితే జారుడు మొదలవుతుంది. ఈ లెక్కకు 1773లోనే ఫ్రెంచి ఇంజనీరు కూలుంబ్ దారి చూపాడు.

అయితే మట్టిలో ఇంకో విచిత్రం ఉంది. వార్ధా నది ఒడ్డున తడి ఇసుక మీద అడుగు వేస్తే పాదం చుట్టూ ఇసుక క్షణంపాటు పొడిబారినట్టు కనిపిస్తుంది. ఒత్తుగా ఉన్న గింజలు ఒకదాని మీదుగా ఒకటి జరగాలంటే కాస్త ఎడం కావాలి. ఆ ఎడంలోకి నీరు దిగిపోతుంది. 1885లో ఆస్బర్న్ రేనాల్డ్స్ దీన్ని వివరించాడు. వదులుగా పోసిన మట్టి ఇందుకు విరుద్ధం. కుంచాన్ని కుదిపితే గింజలు దిగినట్టు అది కుంగుతుంది. సందుల్లో నీరు నిండి ఉంటే, ఆ నీరు బయటికి పోయే వ్యవధి లేక బరువును తానే మోస్తుంది. గింజల పట్టు సడలుతుంది, మట్టి బురదలా పారుతుంది. వానాకాలంలో ప్రమాదం పెరగడానికి ఇదొక కారణం.

మట్టి లోపల ఏ గింజ ఏ గింజను నెడుతోందో కంటితో చూడలేం. ఇక్కడే కంప్యూటరు పనికొస్తుంది. 1979లో పీటర్ కండల్, ఓటో స్ట్రాక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక పద్ధతిని ప్రకటించారు. ప్రతి రేణువునూ ఒక గోళీ అనుకుంటారు. రెండు గోళీలు తగిలిన చోట చిన్న స్ప్రింగు, కొంత ఒరిపిడి ఉన్నాయనుకుంటారు. ఒక్కో గోళీ మీద పడే బలాలన్నీ కూడి, న్యూటన్ సూత్రంతో అది ఎంత కదులుతుందో లెక్కిస్తారు. సెకనులో అతి చిన్న భాగానికి ఒక లెక్క. అలాంటివి లక్షలసార్లు.

ఈ లెక్కల్లో తేలిందేమిటి? బరువును అన్ని గింజలూ సమానంగా మోయవు. కొన్ని గింజలు గొలుసుల్లా ఏర్పడి ఎక్కువ భారం మోస్తాయి, మిగతావి వాటికి పక్కదన్నుగా ఉంటాయి. షియర్ పెరిగితే ఆ గొలుసులు వంగి తెగుతాయి, మళ్లీ కొత్తవి ఏర్పడతాయి.

దీనికి పరిమితులూ ఉన్నాయి. ఒక మిల్లీమీటరు గింజలైతే ఒక ఘనమీటరులోనే సుమారు 100 కోట్లు పడతాయి. దిబ్బంతటినీ అలా లెక్కించడం సాధ్యం కాదు. అందుకే పెద్ద గోళీలు తీసుకుని, ప్రయోగశాలలో నిజమైన మట్టిని పరీక్షించి వచ్చిన ఫలితాలతో సరిచూస్తారు. నమూనా మట్టి తేకుండా కంప్యూటరు ఒక్కటే జవాబు చెప్పలేదు.

దిబ్బను మెట్లు మెట్లుగా పోయడం, వాలు తగ్గించడం, నీరు పోవడానికి కాలువలు తీయడం ఈ జ్ఞానం నేర్పే జాగ్రత్తలు. మన కళ్లు చేయగలిగిన పనీ ఒకటుంది. దిబ్బ పైన పగుళ్లు కనిపించినా, అడుగున మట్టి ఉబ్బినా, కొత్తగా నీరు ఊరినా దూరంగా జరగండి, గని అధికారులకు వెంటనే చెప్పండి. మేకలు తోలుకెళ్లే పిల్లలకు కూడా ఈ మూడు గుర్తులూ నేర్పండి. సెలవు.