పహాణీ ఉంటేనే పార పట్టాలా?

*మొక్క నాటితే కూలి ఉంది. మొక్క పని నేర్చుకుంటానంటే జీతం ఇచ్చేదెవరు? దోమ నుంచి కర్ణాటక సరిహద్దు దాకా, ఒక కాగితం వెంట.*

ఎడిటర్ గారు ఫోన్లో చెప్పింది రెండు ముక్కలే. వానలు పడ్డాయి, మొక్కల సంచిక వేస్తున్నాం. ముఖచిత్ర కథనం మాత్రం మొక్కల మీద వద్దు, మొక్కల పని నేర్చుకునేవాళ్ల మీద కావాలి. తోటమాలి కావాలనుకున్న కుర్రాడికి, నేర్చుకునే రోజుల్లో కూడా చేతిలో నాలుగు డబ్బులు పెట్టే చోటు మన దగ్గర ఉందా లేదా తేల్చాలి. బుధవారం సాయంత్రం పేజీలు మూస్తారట. నేను వికారాబాద్ జిల్లా దోమ వెళ్తానన్నాను. ఆయన నవ్వారు. ఆ ఊరి పేరు కొత్తగా విన్నవాళ్లంతా నవ్వుతారు, దోమవాళ్లకు అలవాటే.

దోమనే ఎందుకు ఎంచుకున్నానంటే, ఫామ్‌హౌస్‌లు ఇటే పాకుతున్నాయి కనుక. మొయినాబాద్, చేవెళ్ల నిండాయి. వికారాబాద్, పరిగి వైపు కూడా రోడ్డు పక్కన కొత్త ప్రహరీలు లేస్తున్నాయి. ప్రతి ప్రహరీ లోపలా పచ్చిక, నాలుగు వరసల మామిడి, గేటు దగ్గర కాగితం పూల పందిరి. వాటిని చూసే మనిషి కావాలి. కానీ మాలి కావాలని ఎవరూ అడగరు, జంట కావాలంటారు. మగమనిషి గేటూ మోటారూ చెట్లూ చూసుకోవాలి. ఆడమనిషి ఇల్లు ఊడ్చి, శనివారం యజమానులొస్తే వండిపెట్టాలి. ఒక గది, ఇద్దరికీ కలిపి ఒక జీతం. ఆ జీతంలో చెట్టు పని వాటా ఎంతని అడిగితే లెక్క చెప్పగలిగేవాళ్లు లేరు.

ఈ పని ఎవరు నేర్పుతారు? ఎవరూ నేర్పరు. మా ఇంటి ముందు కానుగ చెట్టును ఒకాయన కటింగ్ పేరుతో మోడు చేసి, కూలి తీసుకుని వెళ్లాడు. రెండో వానకు మొదలు కుళ్లింది. ఆయన్ని తిట్టుకున్నాను గానీ, కొమ్మను ఎక్కడ కోస్తే గాయం మానుతుందో ఆయనకు చెప్పినవాళ్లెవరని ఆ రోజు అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

గడువుకు ముందు దొరికిన కాగితం

దోమలో ఒక పూట తిరిగాక నా దగ్గర నోట్స్ చాలానే పోగయ్యాయి, కథ మాత్రం దొరకలేదు. అది తాండూరులో దొరికింది. నాపరాళ్ల వ్యాపారం మీద సేడం వైపు తిరిగే పరిచయస్తుడు ఒకరు వాట్సాప్‌లో ఒక ప్రకటన పంపారు. కర్ణాటక ఉద్యాన శాఖది, కన్నడంలో ఉంది. కన్నడ లిపి మన కంటికి సగం చుట్టమే కదా, కూడబలుక్కుంటూ చదివాను. మిగతా సగం ఆయనే చెప్పారు. తాండూరువాళ్లకు అది పెద్ద విద్యేమీ కాదు.

రైతుల పిల్లలకు పది నెలల ఉద్యాన శిక్షణ. బెంగళూరు లాల్‌బాగ్ సహా ఆ శాఖ శిక్షణ కేంద్రాల్లో ఏటా జరుగుతుంది. పదో తరగతి పాసై ఉండాలి, 18 ఏళ్లు నిండాలి. మే 2న మొదలై ఫిబ్రవరి 28తో ముగుస్తుంది. శిక్షణ కాలమంతా నెలనెలా డబ్బు ఇస్తారు. ఇటీవలి ప్రకటనల్లో అది 1,750 రూపాయలు.

ఆ డబ్బుకు వాళ్లు వాడిన మాట 'శిష్యవేతన'. అక్కడ కాసేపు ఆగిపోయాను. మనం ఇలాంటి డబ్బును ఉపకార వేతనం అంటాం. అంటే ఎవరో ఉపకారం చేస్తున్నారు, తీసుకునేవాడు తల వంచుకోవాలి. శిష్యుడి వేతనం అంటే నేర్చుకోవడమూ పనే, దానికీ కూలి ఉంది అన్నట్టు. మాటలో ఉన్న మర్యాద అంకెలో ఉందా అంటే, లేదు. ఉపాధి హామీ కింద తెలంగాణలో 2025-26కు రోజు కూలి 307 రూపాయలు. పూర్తి కొలత పని చేస్తే ఆరు రోజులకు 1,842. అవతల శిష్యుడి నెల జీతం ఇవతల కూలి మనిషి వారం సంపాదన కంటే తక్కువ! పది నెలలు కలిపినా 17,500. ఇల్లు నడిపే బాధ్యత ఉన్న పిల్లవాడు ఈ డబ్బుతో నిలవలేడు. ఇంట్లో తిండికి లోటు లేని పిల్లవాడే నిలుస్తాడు.

తేదీలు కూడా నన్ను పట్టుకున్నాయి. మే నెలలో మొదలెట్టడం తోట తెలిసినవాళ్లు చేసే పని. మేలో గుంత తవ్వి ఎండకు వదిలెయ్యాలి, మట్టిలో పురుగూ తెగులూ చస్తాయి. మృగశిర కార్తె దాటి నాలుగు వానలు పడ్డాక ఎరువు కలిపిన మట్టి నింపి మొక్క పెట్టాలి. శ్రావణ భాద్రపదాల్లో కలుపు, మొదలు దగ్గర నీరు నిలవకుండా కాలువ తీయడం. వానలు వెనక్కి పోయాక గులాబీ కత్తిరింపు, బంతి చామంతుల పని. సంక్రాంతి దాటితే మామిడి పూత, తేనెమంచు పురుగు. ఒక పిల్లవాడు ఇవన్నీ తన చేత్తో ఒక్కసారి చేస్తే, గంటల లెక్కన నడిచే సర్టిఫికెట్ కోర్సు నేర్పలేనిది నేర్చుకుంటాడు. చెట్టు ఏడాదికోసారే పూస్తుంది, కోర్సు తొందరని బట్టి పూయదు.

ఒక్క లోపం ఉంది. మార్చి, ఏప్రిల్ వదిలేశారు. మా వైపు చెట్లు చచ్చేది ఆ రెండు నెలల్లోనే. బోరు సన్నగిల్లుతుంది, ట్యాంకరు వారానికోసారి వస్తుంది. పాదులో చెత్త కప్పాలా, నీడ కట్టాలా, ఏ మొక్కను వదులుకుని దేన్ని బతికించుకోవాలి? మాలి పనికి అసలు పరీక్ష అది. పరీక్ష ముందే సెలవులిచ్చినట్టుంది.

ఇక చివరి షరతు. అభ్యర్థి తల్లిదండ్రుల పేరిట భూమి ఉండాలి, దానికి రుజువుగా పహాణీ జత చేయాలి.

ఆ శాఖ ఉద్దేశం నాకు అర్థమైంది. రైతు బిడ్డ నేర్చుకుని సొంత పొలంలో తోట పెంచాలన్నది వాళ్ల ఆశ. అందులో తప్పు లేదు. కానీ ఇంకొకరి తోటలో పని చేసి బతకబోయేది ఎవరు? పొలం లేనివాళ్లు. కొలువుగా మాలి పని వెతుక్కునే మనిషిని, వాళ్ల నాన్నకు ఎన్ని గుంటలుందని అడిగి వెనక్కి పంపడం నాకు ఎంతకీ మింగుడు పడలేదు. సరిహద్దు ఇవతల ఉన్న మనకు ఆ పథకం ఎలాగూ వర్తించదు. రేపు మన ప్రభుత్వం అలాంటిది పెడితే, ఆ కాగితాన్నే నకలు తీసి రాష్ట్రం పేరు మారుస్తారేమోనన్నదే నా బెంగ.

మన దగ్గర ఉన్నదేమిటి

చరిత్ర గబగబా చెప్పేస్తాను, జాగా లేదు. లాల్‌బాగ్‌కు 1760లో హైదర్ అలీ పునాది వేశాడు. లండన్ క్యూ తోటలో పనిచేసిన జర్మన్ క్రుంబీగల్ బరోడా మీదుగా 1908లో అక్కడికొచ్చాడు. హైదరాబాద్‌లో నిజాముల బాగ్-ఎ-ఆమ్, అదే మన పబ్లిక్ గార్డెన్స్, 1846 నాటిది. ములుగులో కొండా లక్ష్మణ్ పేరిట ఉద్యాన విశ్వవిద్యాలయం తెలంగాణ వచ్చాక ఏర్పడింది. డిగ్రీకి కాలేజీలున్నాయి, డిప్లొమాకు పాలిటెక్నిక్‌లున్నాయి. పార పట్టేవాడి దగ్గరికి వచ్చేసరికి చరిత్ర ఆగిపోతుంది.

పార పట్టేవాళ్లకు ప్రస్తుతం ఉన్న బడి ఊరి నర్సరీయే. 2015 జూలై 3న హరితహారం మొదలైంది, ఇప్పుడు దాన్నే వనమహోత్సవం అంటున్నారు. 2018 పంచాయతీరాజ్ చట్టం ఊరూరా నర్సరీ పెట్టమంది, బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి పక్కన పెట్టమంది, నాటినవాటిలో 85 శాతం బతకాలని సర్పంచ్ మెడ మీద కత్తి పెట్టింది. మంచిదే. అయితే 85 శాతం బతికించే విద్య ఎవరికి వచ్చి ఉండాలి? జీవో 51 పుణ్యమా అని పంచాయతీ కార్మికుడు మల్టీపర్పస్ వర్కర్ అయ్యాడు. పొద్దున మోరీ తీసినవాడే మధ్యాహ్నం ట్రాక్టరు ఎక్కి మొక్కలకు నీళ్లు పోయాలి. కవర్లలో ఎర్రమన్ను, ఇసుక, పశువుల ఎరువు కలిపి నింపడం, గింజ గుచ్చడం, మొలవని కవర్లు ఏరడం ఉపాధి హామీ పని. అది చేసేది చాలావరకు ఆడవాళ్లు. నాలుగైదు సీజన్లు చేసినవాళ్లు మొలక చూసి ఏది వేపో ఏది కానుగో చెప్పేస్తారు. ఆ చూపుకు మస్టర్‌లో గడి లేదు. మొదటి రోజు వచ్చినావిడకూ, ఐదేళ్లుగా చేస్తున్నావిడకూ అదే మస్టరు, అదే రేటు.

శిక్షణలు లేవని కాదు. వ్యవసాయ నైపుణ్య మండలి గార్డెనర్ కోర్సు లెక్క గంటల్లోనే. రాజేంద్రనగర్ మేనేజ్ సంస్థ సమన్వయం చేసే గ్రామీణ యువత శిక్షణ ఏడు రోజులు. ఏడు రోజుల్లో నాటిన మొక్కకు కొత్త ఆకు కూడా రాదు. ఇలాంటి కోర్సుల సర్టిఫికెట్లు గోడకు బాగుంటాయి, గ్రూప్ ఫోటోలో ఇంకా బాగుంటాయి.

పని లేదా అంటే, కళ్ల ముందే ఉంది. హైదరాబాద్ నుంచి దోమకు వచ్చే దారిలోనే, అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లలో సుమారు 900 మర్రిచెట్లున్నాయి. రోడ్డు వెడల్పు కోసం వాటిని ఉంచాలా, కొట్టాలా, పెకలించి వేరేచోట పాతాలా అని గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. వయసు మళ్లిన మర్రిని కదిలించాలంటే ముందు వేరు చుట్టూ కందకం తీయాలి, దశలవారీగా కోయాలి, మట్టిముద్ద చెదరకుండా లేపాలి, నాటాక ఏడాదంతా చూడాలి. క్రేన్ అద్దెకు దొరుకుతుంది. ఈ పనిలో చెయ్యి తిరిగిన మనిషిని ఎక్కడ అద్దెకు తెస్తారు?

---

బాక్స్: చీర మీద చొక్కా

లండన్ క్యూ తోటలో 1896లో మొదటిసారి ఆడవాళ్లను తోటపనిలోకి తీసుకున్నారు. మగ పనివాళ్ల దృష్టి చెదరకుండా వాళ్లూ మగవాళ్లలాగే మోకాళ్ల కింద బిగించే లాగులు వేసుకోవాలని షరతు పెట్టారు. వాళ్లను చూడటానికి జనం ఎగబడ్డారు. మా నర్సరీల్లో ఆడవాళ్లు ఇంటాయన పాత ఫుల్‌చేతుల చొక్కా చీర మీద వేసుకుంటారు. ఎండకు, దురదకు. ఏ షరతూ లేదు, ఎవరూ ఎగబడరు.

అదే దేశంలో 1899లో మహిళల కోసం పుట్టిన ఒక తోటపని సంఘం ఇప్పుడు ఆడా మగా అందరికీ ఏడాది పథకం నడుపుతోంది. వారానికి రెండు రోజులు ఒక మంచి తోటలో పని చేస్తూ నేర్చుకోవాలి. తోట యజమాని చట్టం చెప్పిన కనీస వేతనం ఇవ్వాలి. మిగతా రోజుల్లో వేరే పని చేసుకోవచ్చు. భూమి కాగితం అడగరు.

బాక్స్: కడియం బడి

తూర్పు గోదావరి జిల్లా కడియం, కడియపులంకల్లో బోర్డు లేని బడి ఉంది. చేరినవాళ్లు మొదట మట్టి మోస్తారు, తర్వాత కవర్లు నింపుతారు, ఆ తర్వాత పెద్దవాళ్ల పక్కన కూర్చుని అంటు కట్టడం చూస్తారు. చెయ్యి కుదిరాక కూలి పెరుగుతుంది. దేశమంతటికీ మొక్కలు పంపే ఊళ్లు అవి. మన ప్రభుత్వాలు పుస్తకంలో రాయనిది అక్కడ కూలిలో రాసి ఉంది: పని తెలిసిన చేతికి ఎక్కువ, నేర్చుకునే చేతికి తక్కువ, ఇద్దరికీ ఎంతో కొంత.

---

ఒక గడి మార్చండి

ఉద్యాన శాఖవారికి నా మనవి ఇది. పది నెలల పథకం పెట్టండి, కుదిరితే పన్నెండు చేసి మార్చి, ఏప్రిల్ కలపండి. శిష్యుడికి రోజుకు ఉపాధి కూలికి తగ్గకుండా ఇవ్వండి. దరఖాస్తులో పహాణీ అడిగే గడి కొట్టేసి అక్కడ జాబ్ కార్డు నంబరు రాయించండి. నర్సరీలో మూడు సీజన్లు చేసినవాళ్లకు పదో తరగతి షరతు కూడా వదిలెయ్యండి.

ఇంకొక మనవి వికారాబాద్ దగ్గరి అనంతగిరి చుట్టుపక్కల రిసార్టులు నడిపేవాళ్లకు. మీ దగ్గర 30 మంది లేదా అంతకు మించి పనిచేస్తుంటే అప్రెంటిస్‌లను తీసుకోవడం మీ దయ మీద ఆధారపడిన సంగతి కాదు, అది చట్టం. మాలి పనినీ ఐచ్ఛిక ట్రేడుగా పెట్టుకోవచ్చు. 2019 నిబంధనల ప్రకారం పదో తరగతి పాసైన అప్రెంటిస్‌కు నెలకు కనీసం 6,000 రూపాయలు ఇవ్వాలి, అందులో పావు వంతు, అంటే 1,500, కేంద్రం భరిస్తుంది. మీకు పడేది 4,500. వచ్చే వానలకు ముందే దోమ మండలం నుంచి ఒక్కరినైనా తీసుకోండి. జంట అక్కర్లేదు, ఒక్కరు చాలు.