పొద్దటి కల్లు మాపటికే పులుస్తది, 1945 వైన్‌కు నాలుగు కోట్లు ఎట్లా?

మహమ్మద్‌నగర్‌ల కూసోని ఫ్రెంచ్ వైన్ ముచ్చట పెడుతున్నడేంది అని నవ్వేటోళ్ళు ముందే నవ్వుకోండి. ఈ కథ మనకు బాగా తెలిసిన కల్లు దగ్గరనే మొదలయితది. ఒక మాట ముందే చెప్తున్న: తెలంగాణలో మందుకు చట్టం పెట్టిన వయసు 21 ఏళ్ళు. ఈ ఎపిసోడ్ మిమ్మల్ని తాగమని చెప్పేది కాదు. ఒక సీసాకు కోట్ల ధర ఎట్లా వస్తుంది, అండ్ల మోసం ఎక్కడ దాక్కుంటుంది, అది చూద్దాం.

2018 అక్టోబర్‌లో న్యూయార్క్‌లో ఒక వేలం జరిగింది. 1945 నాటి రొమానే కోంటి అనే రెడ్ వైన్, ఒక్క ముప్పావు లీటరు సీసా, 5,58,000 డాలర్లకు పోయింది. అప్పటి రేటుతో దాదాపు నాలుగు కోట్ల రూపాయలు. అది ఫ్రాన్స్‌లో బర్గండీ అనే ప్రాంతంలో ఉన్న ద్రాక్షతోట. మన లెక్కల చెప్పాలంటే నాలుగున్నర ఎకరాలు, అంతే. 1945లో అక్కడ తయారైనవి 600 సీసాలే. ఆ తర్వాత ముసలి తీగలన్నీ పీకేసి కొత్తవి నాటారు. మళ్ళీ 1952 దాకా ఆ పేరుతో వైన్ రాలేదు. ఆ 600ల తాగినవి పోను ఎన్ని మిగిలి ఉంటాయో మీరే ఆలోచించండి.

సరే, ఇది డెబ్బై ఏళ్ళు ఎట్లా నిలిచింది? మన కల్లు ఒక్క రోజు కూడా నిలవదు కదా.

గౌడన్న పొద్దుగాల లొట్టి దించినప్పుడు కల్లు తియ్యగా ఉంటది. చెట్టు మీదనే, లొట్టిల పడుతుండంగనే గాలిల ఉన్న ఈస్ట్ అండ్ల చేరి చక్కెరను ఆల్కహాల్ చేస్తుంటది. లొట్టికి లోపల సున్నం పూస్తే ఆ పని ఆగుతది, అదే నీరా. సున్నం లేకపోతే మధ్యాహ్నానికి ఘాటెక్కుతది. ఆ తర్వాత ఇంకో రకం బ్యాక్టీరియా వచ్చి ఆల్కహాల్‌ను సిర్కాగా మారుస్తది, అదే వెనిగర్. అందుకే మాపటి కల్లు పుల్లగుంటది.

వైన్ కూడా అదే ఈస్ట్ పని. తేడా ఎక్కడంటే, దాంట్ల ఆల్కహాల్ 12 నుంచి 14 శాతం దాకా ఉంటుంది, పులుపు ఉంటుంది. మూడోది, ముఖ్యమైనది, వగరు. పచ్చి జామకాయ కొరికితే నాలుక గుంజుతది చూడండి, అదే. రెడ్ వైన్‌ను ద్రాక్ష తొక్కలు, గింజలతో కలిపే పులియబెడతారు కాబట్టి ఆ వగరంతా రసంలోకి దిగుతుంది. దాన్నే టానిన్ అంటారు. ఈ మూడూ కలిసి వైన్‌ను కాపాడతాయి. దాని మీద గాలి సరిగ్గా దూరకుండా కార్క్, అంటే బెండు బిరడా.

ఏండ్లు గడుస్తుంటే ఆ టానిన్లు, రంగు కణాలు ఒకదానికొకటి అతుక్కొని బరువెక్కి అడుగుకు దిగుతాయి. పాత సీసా అడుగున కనిపించే మడ్డి అదే. వగరు దిగిపోయి వైన్ మెత్తబడుతుంది. నేరేడు రంగులో ఉన్నది మెల్లగా ఇటుక రంగుకు వస్తుంది. వాసన కూడా పండ్ల నుంచి తోలు, పొగాకు, వాన పడ్డ ఎండుటాకుల వైపు పోతుంది.

ఇక్కడ చాలామంది తప్పుగా అనుకునేది ఒకటుంది. పాతదైతే చాలు, గొప్పదే అని. ప్రపంచంలో తయారయ్యే వైన్‌లో చాలా ఎక్కువ భాగం రెండు మూడేళ్ళలో తాగేయడానికే చేస్తారు. దాన్ని ఇరవై ఏళ్ళు దాచిపెడితే పాడయితది, అంతే.

మన దిక్కు ఇంకో సంగతి ఉంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి నుంచి గల్ఫ్ పోయినోళ్ళు లేని ఊరు లేదు. వచ్చేటప్పుడు దుబాయ్ డ్యూటీ ఫ్రీల ఒక సీసా తెస్తరు (రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తేవచ్చు). కొన్ని ఇండ్లల్ల అది తాగరు, షోకేసుల టీవీ పక్కన నిలబెడతరు. విస్కీ అయితే ఫరవాలేదు, సీల్ ఉన్నన్ని రోజులు దాదాపు అట్లనే ఉంటది. రెడ్ వైన్ మాత్రం అట్లా బతకదు. దానికి 12, 14 డిగ్రీల చల్లదనం, చీకటి, కొంచెం తేమ కావాలి. సీసాను పడుకోబెట్టాలి, అప్పుడే బెండు తడిగా ఉండి బిగుసుకొని ఉంటుంది. మన మే నెల 44 డిగ్రీల ఎండల, రేకుల ఇంట్లో నిలబెట్టిన సీసా లోపల్లోపల ఉడికిపోతది. బెండు ఎండి గాలి దూరుతది. లేబుల్ మీద ఏం రాసున్నా లోపల ఉన్నది వేరే.

అందుకే పాత సీసాలు కొనేవాళ్ళు లేబుల్ కన్నా ముందు మట్టం చూస్తారు. మెడ దాకా ఉందా, భుజం కిందికి దిగిందా? భుజం కిందికి దిగిందంటే గాలి దూరినట్టే లెక్క.

తెరిచేది కూడా ఒక పని. ఒకటి రెండు రోజుల ముందు సీసాను నిలబెడతారు, మడ్డి అడుగుకు చేరాలని. మెడ కింద కొవ్వొత్తి పెట్టుకొని ఇంకో గాజు పాత్రలోకి సన్నగా వంపుతారు. వెలుతురులో మడ్డి మెడ దాకా రావడం కనిపించగానే ఆపేస్తారు. రుచి చూసేటప్పుడు పెద్ద గుటక వేయరు. తెల్లగుడ్డ మీద గ్లాసు వంచి రంగు చూసి, వాసన పీల్చి, ఒక చిన్న గుక్క నోట్లో తిప్పుతారు. ఆగొద్దు ఇంక, ఎందుకంటే బాగా ముసలి వైన్ మూత తీసిన అరగంటకో గంటకో చచ్చిపడుతుంది. యాభై ఏళ్ళు ఆగినది, చివరికి మన కల్లు కన్నా తొందరగా పాడయితది!

ఇప్పుడు మోసం సంగతి. నాకు ఈ మొత్తంలో బాగా ఇష్టమైన భాగం ఇదే.

ఫ్రాన్స్‌లో బోర్డో దగ్గర షాటో లఫీట్ అని ఒక పాత ఎస్టేట్ ఉంది. 1855లో అక్కడి వైన్లకు తరగతులు కట్టినప్పుడు దీన్ని మొదటి తరగతిలో పెట్టారు. 1868లో రోత్‌షీల్డ్ కుటుంబం కొన్నది, ఇప్పటికీ వాళ్ళదే. 1985 డిసెంబర్‌లో లండన్‌లో క్రిస్టీస్ వాళ్ళు 1787 నాటి లఫీట్ సీసా ఒకటి వేలం వేశారు. గాజు మీద టీ హెచ్, జే అనే అక్షరాలు చెక్కి ఉన్నాయి. అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ సీసా అన్నారు. ఆయన 1787లో బోర్డో పోయిన మాట నిజమే. అమెరికా ఫోర్బ్స్ కుటుంబం 1,05,000 పౌండ్లు పెట్టి కొన్నది. తీసుకపోయి అద్దాల పెట్టెల పెట్టి లైట్లు వేశారు. ఆ వేడికి బెండు ఎండి సీసాలోకి జారిపడింది. మన షోకేసు కథే!

ఆ సీసాలు బయటికి తెచ్చింది హార్డీ రోడెన్‌స్టాక్ అనే జర్మన్. పారిస్‌లో గోడ వెనక మూసేసిన ఒక నేలమాళిగలో దొరికాయన్నాడు. ఏ ఇల్లు, ఎన్ని దొరికాయి, చెప్పలేదు. 1988లో బిల్ కోక్ అనే అమెరికా ధనవంతుడు అట్లాంటివి నాలుగు కొన్నాడు. 2005లో బోస్టన్ మ్యూజియం వాళ్ళు ప్రదర్శనకు పెడతామని, వీటి చరిత్ర కాగితాలు ఇవ్వండి అని అడిగారు. అడిగితే కాగితాలు లేవు! జెఫర్సన్ ఇల్లు మాంటిచెల్లోలో పనిచేసే పరిశోధకులు ఆయన రాసుకున్న లెక్కల్లో వెతికితే, ఈ సీసాల ఊసే దొరకలేదు.

కోక్ డిటెక్టివ్‌లను పెట్టాడు. మూత తీయకుండానే సీసాను రేడియేషన్ కొలిచే యంత్రం దగ్గర పెట్టి చూశారు. 1945 తర్వాత అణుబాంబు పరీక్షల వల్ల సీజియం 137 అనే పదార్థం గాలిలో, నేలలో కలిసింది. అది వైన్‌లో ఉంటే కొత్తదని దొరికిపోతుంది. సీజియం లేదు. కానీ దాంతో తేలింది 1945 కన్నా పాతదని మాత్రమే, 1787దని కాదు. అసలు దొరికింది అక్షరాల దగ్గర. ఆ గీతలు కరెంటుతో తిరిగే పనిముట్టుతో చెక్కినవని నిపుణులు తేల్చారు. 1787ల కరెంటు మిషన్ ఎక్కడిది? కోక్ 2006లో కోర్టుకు పోయాడు. రోడెన్‌స్టాక్ మాత్రం తప్పు ఒప్పుకోలేదు, 2018లో చనిపోయాడు.

రూడీ కుర్నియవాన్‌ది ఇంకా సాదా కథ. 2008లో న్యూయార్క్ వేలానికి పోన్సో అనే కుటుంబం పేరుతో 1945 నాటి క్లో సాన్ దెనీ వైన్ పెట్టాడు. ఆ కుటుంబపు యజమాని లొరాన్ పోన్సో విమానం ఎక్కి వచ్చి ఆపించాడు. ఎందుకంటే ఆ తోట వైన్‌ను వాళ్ళు 1980లలో గానీ మొదలే పెట్టలేదు. 2012లో పోలీసులు రూడీ ఇంట్లో చూస్తే పాత లేబుళ్ళు, బెండ్లు, ఏ వైన్‌లో ఏది కలపాలో రాసిన కాగితాలు. పదేళ్ళ జైలు పడింది.

చూడండి, వీళ్ళ దగ్గర కొన్నది తెలివి లేనోళ్ళు కాదు. కానీ 1787 లఫీట్ అసలు రుచి తెలిసిన మనిషి బతికి లేడు. దేనితో పోల్చుకుంటరు? అందుకే పాత సీసాలో ధర పలికేది రుచి ఒక్కటే కాదు. ఎస్టేట్ నుంచి ఎవరి చేతికి, ఆ చేతి నుంచి ఎక్కడికి, ఎట్లాంటి గదిలో ఉంది, ఆ వరుస తెగకుండా ఉండాలి. నేరుగా ఎస్టేట్ నేలమాళిగ నుంచి వేలానికి వచ్చిన సీసాకు అందుకే ఎక్కువ పలుకుతది.

ఇది మనకు కొత్త సంగతేం కాదు. చెట్టు కింద నిలబడి గౌడన్న దించినప్పుడు తాగే కల్లుకు, ఎక్కడి నుంచి వచ్చిందో తెల్వని డబ్బాల కల్లుకు తేడా మనకు ఎరుకే. 2025 ఏప్రిల్‌ల మన కామారెడ్డి జిల్లాలోనే కల్తీ కల్లుతో పదుల మంది దవాఖానల పడ్డరు. అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలిపిన కల్లుకు అలవాటు పడ్డవాళ్ళు అది ఒక్క రోజు దొరకకపోతే వణుకుతరు, వింతగా మాట్లాడుతరు. దొంగ వైన్ కోటీశ్వరుడి పైసలు తింటది. ఇది మనిషినే తింటది.

ఫోన్ల ఎవరన్నా పాత వైన్ ఫొటో పంపి, కొని పెట్టుకో, పదేండ్లల్ల పదింతలు అయితది అంటే మూడు అడగండి. మట్టం కనిపించే ఫొటో, మొదటి కొనుగోలు బిల్లు, ఇన్నేండ్లు ఏ గదిలో ఎంత చల్లదనంలో ఉందో. మూడోదానికి జవాబు రాకపోతే అక్కడనే ఆపేయండి.

ఇంకొకటి, రూడీ పెద్ద హోటళ్ళలో మంచి వైన్ తాగినాక ఖాళీ సీసాలు తనకే పంపమని అడిగేవాడు. వాటిలోనే మళ్ళీ నింపుడు. అందుకే ఇప్పుడు తెలిసినవాళ్ళు అరుదైన సీసా ఖాళీ కాగానే లేబుల్ గీకేస్తున్నారు, లేకపోతే పగలగొడుతున్నారు. మీ ఇంట్ల డ్యూటీ ఫ్రీ సీసా ఖాళీ అయినా అదే చేయండి. పాత సామాన్ల బండికి ఉల్లిగడ్డల కోసం వేయకండి.